వెట్ (ఆంగ్ల పదం)

ఇంగ్లీషులో తడిని చెప్పే పదాలు చాలా ఉన్నాయి. వాటిలో నిత్యం నోట్లో నలిగేది 'వెట్'. నీరు గానీ మరే ద్రవం గానీ పైన అంటుకొనో లోపల ఇంకిపోయో ఉండి, ఇంకా ఆరని స్థితి దాని మూలార్థం. విశేషణంగా 'తడిసిన', క్రియగా 'తడుపు', నామవాచకంగా 'తడి' లేదా 'వాన' అని అర్థమిస్తుంది. మూడింటికీ రూపం ఒక్కటే. భూతకాలంలో కూడా 'వెట్' అనే అనవచ్చు, 'వెటెడ్' అనీ అనవచ్చు.

తెలుగువారికి ఈ మాట వంటింటి గ్రైండరు పేరులో, భూమి రికార్డుల్లో, పురుగుమందు ప్యాకెట్టు మీద, మునిసిపాలిటీ చెత్తడబ్బా మీద, వాతావరణ నివేదికలో ఎదురవుతుంది. ఈ అయిదు చోట్లా దాని అర్థం ఒకటి కాదు. అన్నిచోట్లా 'తడి' అని పెట్టుకుపోతే రెండు మూడు చోట్ల దారి తప్పుతాం. ఎంత నీరు ఉందో ఈ పదం చెప్పదు. దాదాపు ప్రతి వాడుకలోనూ 'డ్రై' అనే జంట పదం ఎదురుగా నిలబడి ఉంటుంది, ఆ జంట ఏ రంగంలోదో తెలిస్తేనే 'వెట్' అంటే ఏమిటో తేలుతుంది.

పుట్టుక, చుట్టాలు

ఈ పదం ప్రాచీన ఆంగ్లం నుంచి వస్తున్నది. 'వాటర్'కూ దీనికీ వేరు ఒక్కటే. ఇండో-యూరోపియన్ భాషల మూలంలో 'వెద్' అనే ధాతువు ఉండేదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. రష్యన్ 'వోద', గ్రీకు 'హ్యుదోర్', సంస్కృత 'ఉదకం' దాని సంతానమే. పాణినీయ ధాతుపాఠం 'ఉంద్' ధాతువుకు ఇచ్చే అర్థం తడపడమే. సంస్కృతంలో నీటికుక్కను 'ఉద్ర' అంటారు, ఇంగ్లీషులో 'ఆటర్' అంటారు. అవి రెండూ ఈ వేరు నుంచి వచ్చినవే. మనం తర్పణంలో వదిలే ఉదకానికీ, ఇంగ్లీషు పిల్లవాడు తడిసిన చొక్కా చూపించి అనే మాటకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉంది. 1915లో చెక్ పండితుడు బెద్రిహ్ హ్రోజ్నీ హిట్టైట్ మట్టిపలకలను చదువుతుండగా 'వాటర్' అన్న మాట తగిలింది. అది నీరే అయి ఉండాలని ఆయన గుర్తించాడు. అంతవరకు కొరుకుడు పడని హిట్టైట్ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన భాషేనని తేలడానికి అది ఒక ఆధారమైంది. తెలుగు ద్రావిడ కుటుంబానిది కాబట్టి మన తడికీ చెమ్మకూ ఈ వంశంతో సంబంధం లేదు.

ఇంగ్లీషులో దీని పక్కన నిలిచే పదాలకు వేర్వేరు చరిత్రలున్నాయి. కొంచెం చెమ్మగా ఉండడాన్ని చెప్పే 'డ్యాంప్' మొదట ఆవిరికీ వాయువుకూ పేరు. బొగ్గుగనుల్లో పేలుడుకు కారణమయ్యే మీథేన్‌ను 'ఫైర్ డ్యాంప్' అంటారు. 1815లో హంఫ్రీ డేవీ తయారుచేసిన రక్షణ దీపం ఆ వాయువు అంటుకోకుండా చూసేందుకే. 'హ్యూమిడ్' లాటిన్ నుంచి వచ్చి గాలికి స్థిరపడింది. 'మాయిస్ట్' ఫ్రెంచి దారిలో వచ్చి కేకుకూ మట్టికీ చర్మానికీ వాడుకైంది. ఈ చివరి మాట వింటేనే కొందరు ఇంగ్లీషువాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. అమెరికాలో మనస్తత్వ పరిశోధకుడు పాల్ థిబోడో 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నూటికి పది నుంచి ఇరవై మంది ఆ మాటను సహించలేరు. ఆ విరక్తికి కారణం శబ్దం కాదనీ, శరీరద్రవాలను గుర్తుచేసే అర్థమనీ ఆయన తేల్చాడు. 'వెట్'కు అలాంటి అపకీర్తి లేదు.

చర్మానికి తెలియని తడి

చర్మంలో వేడిని, చలిని, ఒత్తిడిని, నొప్పిని పసిగట్టే గ్రాహకాలున్నాయి. తడిని పసిగట్టే గ్రాహకం మనిషికి లేదు. చాలా కీటకాలకు మీసాల మీద తేమను గుర్తించే ఏర్పాటు ఉంది, మనకు మాత్రం చల్లదనమూ తాకిడీ కలిసి వచ్చినప్పుడు మెదడు దాన్ని తడిగా లెక్కగడుతుంది. ఐ. మ్యాడిసన్ బెంట్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1900లోనే ఈ విషయం రాశాడు. పలుచని రబ్బరు తొడుగు వేసుకున్న వేలిని చల్లని నీటిలో ముంచితే, చుక్క నీరు తగలకపోయినా వేలు తడిసినట్లే ఉంటుంది. రబ్బరు గ్లవ్స్‌తో గిన్నెలు తోమేవారికి ఇది తెలిసిన అనుభవమే. చలికాలంలో దండెం మీది బట్టలు ఆరాయో లేదో చేత్తో తేల్చుకోలేక చెంపకు ఆనించి చూడడమూ ఇందువల్లే. గుడ్డ చల్లగా ఉంటే తడి అనిపిస్తుంది, ఎండలో వేడెక్కి ఉంటే చెమ్మ ఉన్నా ఆరినట్లనిపిస్తుంది.

రసాయన శాస్త్రంలో

శాస్త్రజ్ఞులు 'వెట్టింగ్' అన్నప్పుడు ద్రవానికీ ఘనపదార్థానికీ మధ్య జరిగే వ్యవహారాన్ని చెబుతున్నారు. ద్రవం ఆ ఉపరితలం మీద పరుచుకుంటుందా, ముద్దగా నిలబడుతుందా అన్నదే ప్రశ్న. 1805లో థామస్ యంగ్ దీన్ని కోణంతో చెప్పే దారి చూపాడు. బొట్టు అంచు ఉపరితలాన్ని తాకే చోట ఏర్పడేది స్పర్శకోణం. అది 90 డిగ్రీలకు తక్కువైతే ద్రవం ఆ ఉపరితలాన్ని తడుపుతుందంటారు, ఎక్కువైతే తడపదంటారు. శుభ్రమైన గాజును నీరు తడుపుతుంది. పాదరసం గాజును తడపదు, గుండుగా దొర్లిపోతుంది. ఈ లెక్కన తడపడం నీటికి మాత్రమే ఉన్న గుణం కాదు. కరిగిన టంకం రాగి తీగను తడిపితేనే అతుకు నిలుస్తుంది.

నీటిని తామరాకు దూరం పెడుతుందని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. దానికి కారణాన్ని జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు విల్హెల్మ్ బార్ట్‌లోట్, క్రిస్టోఫ్ నైన్‌హూయిస్ 1997లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. ఆకు మీద కంటికి కనిపించని బుడిపెలుంటాయి, వాటి మీద మైనపు పూత ఉంటుంది. నీటిబొట్టు ఆ బుడిపెల కొసల మీదే ఆనుతుంది, కింద గాలి మిగులుతుంది. అక్కడ స్పర్శకోణం 150 డిగ్రీలు దాటుతుంది. దొర్లిపోయే బొట్టు దారిలోని దుమ్మును కూడా ఊడ్చుకుపోతుంది.

ఈ సిద్ధాంతం మన రైతు చేతిలో ప్రతి పంటకాలమూ పనిచేస్తున్నది. ఎరువుల దుకాణంలో దొరికే మాంకోజెబ్ 75 శాతం, కార్బెండజిమ్ 50 శాతం ప్యాకెట్ల మీద 'డబ్ల్యూ.పి.' అని ఉంటుంది. ఆ పొడి అక్షరాలు 'వెట్టబుల్ పౌడర్'కు సంక్షిప్తం. దీన్ని 'నీటిలో కరిగే పొడి' అని చెప్పేవారున్నారు, అది తప్పు. ఈ పొడి కరగదు. దానిలో కలిపిన తడిపే పదార్థం వల్ల ప్రతి రేణువూ నీటితో తడిసి నీళ్లలో తేలియాడుతూ ఉంటుంది, అంతే. కాసేపు కదపకుండా వదిలితే అడుగుకు దిగిపోతుంది. అందుకే ముందు కొద్ది నీళ్లలో ముద్దలా కలిపి, తర్వాత పూర్తి నీళ్లు పోసి, పిచికారీ చేసినంతసేపూ ట్యాంకును కదుపుతూ ఉండాలి. అలా చెయ్యకపోతే మొదటి సాళ్లకు ఒక మోతాదు, చివరి సాళ్లకు మరో మోతాదు పడుతుంది. కరిగే పొడులు వేరే ఉన్నాయి, వాటి మీద 'ఎస్.పి.' అని రాస్తారు. ఈ రెండు అక్షరాల తేడాను దుకాణదారు చెప్పాలి, రైతు అడగాలి. మైనపు పూత ఉన్న ఆకుల మీద మందు జారిపోకుండా కలిపే జిగురుమందు పని కూడా స్పర్శకోణాన్ని తగ్గించడమే.

భూమి రికార్డుల్లో

తెలుగు నేల మీద ఈ పదం అన్నిటికన్నా లోతుగా దిగింది ఇక్కడే. మద్రాసు ప్రెసిడెన్సీ రైత్వారీ లెక్కల్లో పొలాలను 'వెట్', 'డ్రై' అని విడగొట్టారు. తమిళ జిల్లాల్లో అవి నంజె, పుంజె. ఆంధ్ర జిల్లాల్లో మాగాణి, మెట్ట. నిజాం రాజ్యంలో అదే విభజనకు పారసీ మాటలు వచ్చాయి, తరి, ఖుష్కి. తెలంగాణ పహాణీల్లో ఆ మాటలు ఇప్పటికీ కనిపిస్తాయి. తరి పంటలో కూడా వానాకాలానిది ఆబి, వేసవిది తాబి.

ఈ 'వెట్' నేలలోని చెమ్మను చెప్పదు. ఆ సర్వే నంబరుకు గుర్తింపు ఉన్న ప్రభుత్వ నీటి వనరు, అంటే కాలువో చెరువో ఉందా లేదా అన్నది చెబుతుంది. ఉంటే మాగాణి శిస్తు, లేకపోతే మెట్ట శిస్తు. బోరు వేసుకొని మూడు కార్లూ వరి పండించే చేను రికార్డులో ఖుష్కిగానే ఉండవచ్చు. ఏళ్లుగా చెరువు నిండక బీడుపడిన ఆయకట్టు తరిగానే ఉండవచ్చు. కంటికి కనిపించే తడికీ కాగితం మీది తడికీ ఇంత దూరం ఉన్నందువల్ల, భూమి కొనేవారు రెండూ చూసుకోవలసిందే.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ చేపట్టిన ఆ పనితో గోదావరి డెల్టాలో మెట్టగా ఉన్న భూములెన్నో మాగాణిగా మారాయి. సాగుతోపాటు భూమి విలువ, శిస్తు, పెళ్లి సంబంధాల్లో అడిగే ప్రశ్నలు కూడా మారిపోయాయి. స్వాతంత్ర్యం తర్వాత కూడా చట్టం ఈ జంటను వదల్లేదు. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం ఒక కుటుంబానికి మాగాణి అయితే నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితి పెట్టింది. ఒక్క పదం మార్పుతో ఎకరాల లెక్క రెండింతలు, మూడింతలు మారిపోయేది.

ఇక్కడే ఒక గందరగోళం ఉంది. రెవెన్యూ వారి 'వెట్ ల్యాండ్' రెండు పదాలు, దాని అర్థం మాగాణి. పర్యావరణం చెప్పే 'వెట్‌ల్యాండ్' ఒకే పదం, దానికి తెలుగు చిత్తడి నేల. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల రక్షణకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1982లో అందులో చేరింది. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. ఆ ఒప్పందం దృష్టిలో సరస్సు, మడ అడవి, ఉప్పుటేరు, పాటుపోటు తగ్గినప్పుడు ఆరు మీటర్ల లోతు మించని సముద్రపు అంచు, చివరికి వరిమడి కూడా చిత్తడి నేలే. మన దేశంలో 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు మాత్రం వరిపొలాలను, సాగునీటికీ తాగునీటికీ చేపల పెంపకానికీ తవ్విన చెరువులను ఆ నిర్వచనం నుంచి తప్పించాయి. రైతు మాగాణిని చిత్తడి నేల కింద స్వాధీనం చేసుకుంటారేమోనన్న భయానికి అందువల్ల ఆధారం లేదు. కానీ మనిషి తవ్విన చెరువులన్నిటినీ ఒకే గాటన కట్టి బయట పెట్టడం మంచి నిర్ణయం కాదని నా అభిప్రాయం. కాకతీయుల నాటి చెరువులు కూడా సాగు కోసం తవ్వినవే, కొంగలూ బాతులూ చేరే చోట్లూ అవే.

రాజకీయాల్లో, మద్యపానంలో

అమెరికాలో 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు వరకు మద్యనిషేధం నడిచింది. పద్దెనిమిదో రాజ్యాంగ సవరణతో వచ్చి ఇరవై ఒకటో సవరణతో పోయింది. ఆ కాలంలో మద్యాన్ని అనుమతించాలన్నవారు 'వెట్‌లు', నిషేధించాలన్నవారు 'డ్రైలు'. పార్టీలకు అడ్డంగా ఓటర్లు ఈ రెండుగా చీలారు. అక్కడ కొన్ని కౌంటీలను ఇప్పటికీ 'డ్రై' అంటారు. మన దగ్గర ఈ జంటలో సగమే దిగుమతి అయింది. గాంధీ జయంతి నాటి 'డ్రై డే' అందరికీ తెలుసు, దాని ఎదుటి మాటకు వాడుక రాలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో ఆంధ్రదేశమంతా కదిలించిన సారా వ్యతిరేకోద్యమం గురించి, 1995లో వచ్చి 1997లో సడలిన సంపూర్ణ మద్యనిషేధం గురించి రాసినప్పుడు ఇంగ్లీషు పత్రికలు రాష్ట్రాన్ని 'డ్రై' అన్నాయి. ఆ ఉద్యమం నడిపిన ఆడవాళ్లకు ఆ మాట అవసరం పడలేదు.

బ్రిటన్‌లో అర్థం వేరు. అక్కడ బడిపిల్లల వాడుకలో 'వెట్' అంటే పిరికి, మెత్తని మనిషి. మార్గరెట్ థాచర్ 1979లో ప్రధాని అయ్యాక, ప్రభుత్వ వ్యయాన్ని కఠినంగా తగ్గించే ఆమె విధానాన్ని సొంత పార్టీలోనే వ్యతిరేకించినవారికి ఆ పేరు పడింది. ఇయాన్ గిల్‌మర్, జేమ్స్ ప్రయర్, ఫ్రాన్సిస్ పిమ్, పీటర్ వాకర్ ఆ వర్గంలో ముఖ్యులు. ఆమె పక్షం వారు 'డ్రైలు' అయ్యారు. 1981 సెప్టెంబరులో గిల్‌మర్‌ను మంత్రివర్గం నుంచి తొలగించారు. నిరుద్యోగం పెరుగుతుంటే కనికరం చూపాలన్నవారికి పిరికివారన్న ముద్ర వేయడం న్యాయం కాదు, కానీ ఆ పేరును వాళ్లే తర్వాత గర్వంగా చెప్పుకున్నారు.

జాతీయాల్లో 'వెట్ బ్లాంకెట్' ఉత్సాహం మీద నీళ్లు చల్లే మనిషి. 'చెవుల వెనక తడి ఆరనివాడు' అని వాళ్లనేవాణ్ని మనం బొడ్డూడనివాడంటాం. అమెరికాలో ఎవరినైనా 'ఆల్ వెట్' అంటే వాళ్లు చెబుతున్నది పూర్తిగా తప్పని అర్థం.

ఇంట్లో, పనిలో

పిండి రుబ్బే 'వెట్ గ్రైండర్' 1955లో కోయంబత్తూరులో పుట్టింది. రుబ్బురోట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండరులో గిన్నె తిరుగుతుంది, రాయి ఒకచోట ఉంటుంది. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

మునిసిపాలిటీ భాషలో తడి చెత్త అంటే కుళ్లి ఎరువయ్యేది, పొడి చెత్త అంటే అలా కానిది. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కోరిన విభజనలో ఇదీ భాగమే. ఎండిపోయిన పూలదండ తడి చెత్త డబ్బాలో వేయాలి, నీళ్లు కారుతున్న ప్లాస్టిక్ సీసా పొడి చెత్తలో వేయాలి. పేరును బట్టి చెత్తను వేరుచేసే ఇళ్లలో ఇవే ఎక్కువగా తారుమారవుతాయి. 'కుళ్లే చెత్త, కుళ్లని చెత్త' అని డబ్బాల మీద రాస్తే ఈ ఇబ్బంది ఉండదు.

ఫోటోగ్రఫీ తొలినాళ్లలో 'వెట్ ప్లేట్' పద్ధతి ఉండేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ దాన్ని ప్రకటించాడు. గాజుపలకకు కొలోడియన్ పూసి, వెండి లవణంలో ముంచి, అది ఆరకముందే ఫోటో తీసి కడగాలి. అందువల్ల ఫోటోగ్రాఫరు ఎక్కడికి వెళ్లినా చీకటి గుడారం వెంట ఉండాల్సిందే. ఆరో నిజాం కొలువులో పనిచేసిన లాలా దీన్‌దయాళ్ మొదట తడి ప్లేట్లతో పనిచేసి తర్వాత పొడి ప్లేట్లకు మారాడు.

విమానయానంలో 'వెట్ లీజు' అంటే విమానాన్ని సిబ్బంది, మరమ్మతు, బీమాతో సహా అద్దెకిచ్చే ఒప్పందం. సిబ్బంది లేకుండా ఇస్తే 'డ్రై లీజు'. 'వెట్ నర్స్' పాలిచ్చే దాది. సింగపూర్, హాంకాంగ్ ఇంగ్లీషులో 'వెట్ మార్కెట్' అంటే పచ్చి మాంసం, చేపలు, కూరగాయలు అమ్మే సాధారణ బజారు. నేలను తరచు కడుగుతారు గనుక ఆ పేరు. 2020లో కోవిడ్ వార్తలతో ఈ మాట ప్రపంచమంతా తిరిగి, అడవి జంతువులను అమ్మే చోటుగా చాలామంది మనసుల్లో పడిపోయింది. అసలు అర్థం చూస్తే మన రైతుబజారు, చేపల బజారు కూడా 'వెట్ మార్కెట్' కిందికే వస్తాయి.

తడి బల్బు ఉష్ణోగ్రత

ఈ పదానికి ఉన్న వాడుకల్లో ప్రాణాలతో ముడిపడినది ఇది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే, నీరు ఆవిరవుతూ బల్బును చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటే బాగా చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే అంతగా చల్లబడదు. ఆ థర్మామీటరు చూపేదే తడి బల్బు ఉష్ణోగ్రత. వాతావరణ శాఖ పరిశీలన కేంద్రాల్లో తెల్లని చెక్కపెట్టెలో తడి, పొడి థర్మామీటర్లు పక్కపక్కనే ఉంటాయి.

మన శరీరం కూడా చెమటను ఆవిరి చేసుకొనే చల్లబడుతుంది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీల సెల్సియస్. తడి బల్బు కొలత అక్కడికి చేరితే చెమట పోసినా శరీరం చల్లబడదు. నీడలో కూర్చున్నా, ఎన్ని నీళ్లు తాగినా కొన్ని గంటలకు మించి ఆరోగ్యవంతుడు కూడా తట్టుకోలేడు. 2010లో స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ ఈ హద్దును ప్రతిపాదించారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో యువకుల మీద జరిపిన ప్రయోగాల్లో, తేమ ఎక్కువగా ఉన్నప్పుడు అసలు హద్దు 31 డిగ్రీల దగ్గరే ఉందని తేలింది. ముసలివారికి, ఎండలో పనిచేసేవారికి అది ఇంకా తక్కువ.

రామగుండం వైపు ఒక మే మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. తడి బల్బు లెక్క సుమారు 25 డిగ్రీలు వస్తుంది. అదే రోజు మచిలీపట్నంలో 38 డిగ్రీలే ఉండి, తేమ 70 శాతం ఉంటే లెక్క సుమారు 33 డిగ్రీలు. పత్రికలో మొదటి ఊరు పతాక శీర్షికకు ఎక్కుతుంది, రెండో ఊరు లోపలి పేజీలో చిన్న అంకెగా మిగులుతుంది. శరీరానికి ఎక్కువ ముప్పు రెండో ఊళ్లోనే. రామగుండం ఎండ ప్రమాదం కాదని దీని అర్థం కాదు. నీళ్లు లేక, నేరుగా ఎండ తగిలి అక్కడా మనుషులు చనిపోతారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా బలయ్యారు. కోస్తాలో ఉక్కపోత అని తేలిగ్గా అనుకునే రోజుల్లో కూడా ప్రాణాలు పోతాయని తడి బల్బు అంకె చెబుతుంది.

దాన్ని కనుక్కోవడానికి కొత్త పరికరాలు అక్కర్లేదు. కేంద్రాల్లో రోజూ నమోదవుతున్న కొలతే అది. తెలుగు పత్రికలు, టీవీ చానెళ్లు మార్చి నుంచి జూన్ వరకు గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కనే తడి బల్బు ఉష్ణోగ్రతను కూడా ఊరివారీగా వేయాలి. ఉపాధి హామీ పనులు, ఇటుక బట్టీలు, రొయ్యల చెరువులు, భవన నిర్మాణాల దగ్గర పని వేళలను ఆ అంకె చూసి నిర్ణయించాలి.